ప్రభుత్వ లెక్కలు, పౌరుల వివరాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

2027 జనగణన నేపథ్యంలో ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి: ప్రభుత్వానికి చెప్పిన వివరం చివరికి ఎక్కడికి చేరుతుంది? దీనికి అందరికీ ఒకటే జవాబు లేదు. ఆ వివరం ఏ చట్టం కింద అడిగారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే కేటాయించాం.

*ప్రశ్న: సొంత ఇల్లు, కారు, ఏసీ ఉన్నాయని జనగణనలో చెబితే రేషన్ కార్డు, పింఛను పోతాయని మా వీధిలో అంటున్నారు. ఏం చెప్పమంటారు? (ఒక గృహిణి, ఖమ్మం)*

ఉన్నది ఉన్నట్టు చెప్పండి. జనగణన వివరాలతో రేషన్ కార్డు తీసేయడానికి దారి లేదు. 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షన్ ఆ దారి మూసేసింది. గణకులు రాసుకున్న పుస్తకాన్ని గానీ, రిజిస్టర్‌ని గానీ, షెడ్యూల్‌ని గానీ చూపించమని అడిగే హక్కు ఎవరికీ లేదు. అందులో రాసిన మాట ఏ సివిల్ వ్యవహారంలోనూ సాక్ష్యంగా చెల్లదు. క్రిమినల్ కేసులో కూడా చెల్లదు. జనగణన చట్టాన్ని ఉల్లంఘించారని పెట్టిన కేసు ఒక్కటే దీనికి మినహాయింపు.

అదే చట్టం మనమీద ఒక బాధ్యత కూడా పెట్టింది. 8వ సెక్షన్ ప్రకారం నోటిఫై చేసిన ప్రశ్నలకు మనకు తెలిసినంతవరకు, నమ్మినంతవరకు జవాబు చెప్పి తీరాలి. చెప్పకపోయినా, తెలిసి తెలిసి తప్పు చెప్పినా 11వ సెక్షన్ కింద వెయ్యి రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. గణకులకు శిక్ష ఇంకా గట్టిది. అనుమతి లేకుండా మీ వివరాలు బయటపెట్టినా, అసభ్యమైన ప్రశ్న అడిగినా, తప్పుడు లెక్క రాసినా జరిమానాతోపాటు మూడేళ్ల వరకు జైలు ఉంటుంది.

'తెలిసినంతవరకు, నమ్మినంతవరకు' అన్న మాట గుర్తుపెట్టుకోండి. వయసుకి సర్టిఫికెట్, ఇంటికి దస్తావేజు చూపించాల్సిన పని లేదు. బ్యాంకు ఖాతా నంబరు, ఏటీఎం పిన్ లాంటివి ఎవరైనా అడిగితే అది జనగణన కాదని వెంటనే అర్థం చేసుకోవాలి. 8వ సెక్షన్‌లో ఇంకో చిన్న వెసులుబాటు ఉంది. ఆచారం ప్రకారం భర్త పేరు పలకని స్త్రీని ఆ పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. ఇంట్లోని ఆడవాళ్ల పేర్లు చెప్పి తీరాలని మగవాళ్లనూ ఒత్తిడి చేయకూడదు. 1948లో రాసిన ఈ నిబంధన చట్టంలో ఇప్పటికీ ఉంది.

*ప్రశ్న: అన్నదమ్ముల మధ్య ఆస్తి పంపకాల దావా నడుస్తోంది. 1991లో మేమంతా ఒకే ఇంట్లో ఉన్నామని రుజువు చేయడానికి అప్పటి జనగణన ఫారం కాపీ తెచ్చుకోవచ్చా? (ఒక రైతు, బాపట్ల జిల్లా)*

రాదు. పైన చెప్పిన 15వ సెక్షనే అడ్డం. ఆ కాపీ ఎలాగో సంపాదించినా కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. ఆ ప్రయత్నం మానేసి పాత ఓటర్ల జాబితా, పంచాయతీ ఇంటిపన్ను డిమాండ్ రిజిస్టర్, బడి అడ్మిషన్ రిజిస్టర్, పాత రేషన్ కార్డు వెతకండి. ఇవి పాలన కోసం రాసిన రికార్డులు కాబట్టి వీటికి నకళ్లు అడగవచ్చు.

*ప్రశ్న: 2011లో మా ఇంటికి రెండుసార్లు వచ్చి రాసుకెళ్లారు. ఒకటి జనగణన అన్నారు, రెండోది కూడా జనగణనే అన్నారు. ఆ తర్వాత ఆయుష్మాన్ కార్డు విషయంలో "2011 లిస్టులో మీ పేరు లేదు" అన్నారు. జనగణన వివరాలు రహస్యమైతే ఆ లిస్టు ఎక్కడిది? (విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆదిలాబాద్)*

మీ సందేహం చాలా సరైనది. 2011 ఫిబ్రవరిలో జరిగింది అసలు జనగణన. అది 1948 చట్టం కింద జరిగింది, పూర్తిగా రహస్యం. ఆ తర్వాత వచ్చింది సామాజిక, ఆర్థిక, కులగణన. పేరులో గణన ఉంది గానీ అది జనగణన చట్టం కింద జరగలేదు. కులం తప్ప మిగతా వివరాలను పథకాలు ఇవ్వడానికి, ఆపడానికి ప్రభుత్వ శాఖలు వాడుకోవచ్చని ముందే ప్రకటించారు. గ్రామీణ ఆవాస్ యోజన ఇళ్లకీ, ఆయుష్మాన్ భారత్‌కీ అర్హుల జాబితా దాంట్లోంచే వచ్చింది. ఇల్లు అదే, అడిగిన ప్రశ్నలూ చాలావరకు అవే. కానీ ఒక కాగితం మీద రాసింది బయటికి రాకూడదు, రెండో కాగితం మీద రాసింది బయటికి రావడానికే రాశారు.

మూడోది జాతీయ జనాభా రిజిస్టర్. దీని వివరాలను 2010లో ఇళ్ల జాబితా తయారీతో పాటే, అదే గణకుల చేత సేకరించారు. 2015లో సవరించారు. దీనికి ఆధారం 1955 పౌరసత్వ చట్టం, దాని కింద వచ్చిన 2003 నియమాలు. జనగణన చట్టంలోని 15వ సెక్షన్ రక్షణ దీనికి వర్తించదు. ఇంటికి వచ్చింది ఒకే మనిషి కావడంతో రెండు ఫారాలూ ఒకటేనని చాలామంది అనుకున్నారు. ఒకే చేతికి రెండు చట్టాల ఫారాలు ఇచ్చి పంపడం అసలు మంచి పద్ధతి కాదు. ఒకదానిమీద కలిగిన అనుమానం రెండోదాని జవాబులను కూడా పాడుచేస్తుంది.

ఏ ఫారమైనా చేతికి వస్తే మూడు విషయాలు చూడండి. పైభాగంలో ఏ చట్టం పేరుంది? వివరాలను గణాంకాలకు మాత్రమే వాడతామని రాసి ఉందా? ఆధార్ లేదా ఖాతా నంబరు అడుగుతున్నారా? ఆధార్ అడిగితే ఆ వివరం మీ పేరుతో, మీ గురించిన నిర్ణయం కోసమే వెళ్తోందని తెలుసుకోండి. అది తప్పేమీ కాదు. పింఛను దరఖాస్తుకి ఆధార్ కావాల్సిందే. కాకపోతే దాన్ని సర్వే అనకూడదు, దరఖాస్తు అనాలి.

*ప్రశ్న: జనగణన కేంద్రం చేతిలో ఉంటే బిహార్, తెలంగాణ కులాల లెక్క ఎలా తీశాయి? (పోటీ పరీక్షల అభ్యర్థి, హైదరాబాద్ అశోక్ నగర్)*

రాజ్యాంగం ఏడో షెడ్యూల్ తెరవండి. కేంద్ర జాబితాలో 69వ అంశం జనగణన. 94వ అంశం కేంద్ర జాబితాలోని విషయాల మీద విచారణలు, సర్వేలు, గణాంకాలు. ఉమ్మడి జాబితాలో 45వ అంశం రాష్ట్ర, ఉమ్మడి జాబితాల్లోని విషయాల కోసం విచారణలు, గణాంకాలు. జనన మరణాల నమోదు ఉమ్మడి జాబితాలో 30వ అంశం. పరీక్షలో ఈ నాలుగు నంబర్లు తరచూ తారుమారు చేసి అడుగుతారు.

రాష్ట్రం జనగణన చేయలేదు, సర్వే చేయగలదు. బిహార్ కేసంతా ఈ తేడా మీదే నడిచింది. 2022 జూన్‌లో నోటిఫికేషన్ వచ్చింది, 2023 జనవరిలో మొదటి విడత మొదలైంది. మే 4న పట్నా హైకోర్టు ఆపేసింది. పేరు సర్వే అని ఉన్నా స్వభావం జనగణనలా ఉందన్నది ఒక కారణం. సేకరించిన వివరాలను శాసనసభలోని పార్టీల నాయకులతో పంచుకుంటామని ప్రభుత్వం చెప్పడం రెండో కారణం. ఈ రెండోదాన్ని జాగ్రత్తగా గమనించాలి. 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన పుట్టస్వామి తీర్పు తర్వాత వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు. దానిలోకి చొరబడాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, చొరబాటు ఆ ప్రయోజనానికి సరిపడేంతే ఉండాలి. ఆగస్టు 1న తుది తీర్పులో అదే కోర్టు సర్వేను సమర్థించింది. అక్టోబరు 2న ఫలితాలు వచ్చాయి.

తెలంగాణలో 2024 నవంబరు 6న ఇంటింటి సర్వే మొదలైంది. 2025 ఫిబ్రవరిలో ఫలితాలు శాసనసభకు వచ్చాయి. ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతమని తేలింది. ఆ అంకెల మీద వాదనలు వేరే విషయం. చట్టం కోణంలో మా అభిప్రాయం స్పష్టం. ఏ రాష్ట్రమైనా ఇంటింటి సర్వే చేస్తే వట్టి ప్రభుత్వ ఉత్తర్వుతో సరిపెట్టకూడదు, గణాంకాల సేకరణ చట్టం, 2008 కింద గెజిట్‌లో నోటిఫై చేయాలి. ఉత్తర్వుతో జరిగే సర్వేలో గోప్యత ఒక హామీ మాత్రమే. 2008 చట్టం కింద జరిగితే అదే గోప్యత 9వ సెక్షన్ విధించే చట్టబద్ధమైన బాధ్యత అవుతుంది. ఆ చట్టం కేంద్రానికే కాదు, రాష్ట్ర శాఖలకు, పంచాయతీలకు, మున్సిపాలిటీలకు కూడా ఈ అధికారం ఇచ్చింది. కేంద్ర జాబితాలోని విషయాలను రాష్ట్రం ముట్టుకోకూడదు. ఒకరు మొదలుపెట్టిన లెక్క పూర్తికాకుండా రెండోవాళ్లు అదే లెక్క మొదలుపెట్టకూడదు. పరిమితులు ప్రధానంగా ఇవే.

*ప్రశ్న: మాకు రైస్‌మిల్లు ఉంది. వార్షిక పరిశ్రమల సర్వే రిటర్న్ ఇమ్మని జాతీయ గణాంక కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది. ఇవ్వకపోతే ఏమవుతుంది? ఇస్తే జీఎస్టీ వాళ్లకి చేరుతుందా? ఎలా నింపాలి? (మిల్లు యజమాని, తాడేపల్లిగూడెం)*

ఇవ్వాల్సిందే. నోటీసు 2008 చట్టం కింద వస్తుంది. గణాంకాధికారి రాతపూర్వకంగా అడిగితే వివరాలు ఇవ్వడం విధి. నిరాకరించినా, తెలిసి తప్పు రాసినా చర్య ఉంటుంది.

జీఎస్టీ సంగతి 9వ సెక్షన్‌లో ఉంది. ఇచ్చిన సమాచారాన్ని గణాంకాలకు మాత్రమే వాడాలి. ఆ పనిలో ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ షెడ్యూల్ చూడకూడదు. మీరెవరో తెలిసేలా ఏ సంస్థకూ ఇవ్వకూడదు. అచ్చువేసే పట్టికలో కూడా కూడికలు, తీసివేతలు చేసి మీ అంకెను పట్టుకోలేనట్టు అమర్చాలి. కాబట్టి పన్ను అధికారికి ఒక లెక్క, గణాంకాధికారికి ఒక లెక్క చూపించాల్సిన అవసరం మీకు లేదు. రెండు చోట్లా ఒకటే నిజం రాయండి.

ఇక నింపడం. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి దాకా. బ్యాలెన్స్ షీటు, లాభనష్టాల ఖాతా, జీతాల రిజిస్టర్, కరెంటు బిల్లులు, స్టాకు రిజిస్టర్ దగ్గర పెట్టుకుని కూర్చోండి. షెడ్యూల్‌లో బ్లాకులు ఉంటాయి. సీ బ్లాకులో స్థిరాస్తులు, డీలో నిర్వహణ పెట్టుబడి, అప్పులు, ఈలో పనివాళ్లు, వేతనాలు, ఎఫ్‌లో ఇతర ఖర్చులు, జీలో ఇతర ఆదాయం, హెచ్‌లో దేశీయ ముడిసరుకు, ఐలో దిగుమతి చేసుకున్నది, జేలో ఉత్పత్తులు, ఉప ఉత్పత్తులు.

రైస్‌మిల్లుల్లో ఎక్కువగా తప్పు పోయే చోటు కస్టమ్ మిల్లింగ్. పౌరసరఫరాల సంస్థ ఇచ్చిన ధాన్యం మీది కాదు. ఆడించి బియ్యం తిరిగి అప్పజెబుతారు. అలాంటప్పుడు ఆ ధాన్యం విలువను హెచ్ బ్లాకులో, ఆ బియ్యం విలువను జే బ్లాకులో రాయకూడదు. ఇతరుల సరుకు మీద చేసిన పనికి వచ్చిన ఆడింపు ఛార్జీని జీ బ్లాకులో ఆదాయంగా చూపాలి. రెండిటిని కలిపేస్తే మీ మిల్లు టర్నోవరు ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు కనబడుతుంది. పశ్చిమ గోదావరిలాంటి జిల్లాలో నాలుగు మిల్లులు అలా రాస్తే జిల్లా పారిశ్రామికోత్పత్తి లెక్కే వంకర పోతుంది. సొంతంగా కొని ఆడించి అమ్మినది మాత్రం హెచ్, జే రెండింటిలోనూ రావాలి.

తవుడు, నూక, ఊక మరిచిపోవద్దు. అమ్మినవి జే బ్లాకులో ఉప ఉత్పత్తులు. బాయిలర్‌లో సొంతంగా కాల్చుకున్న ఊకని అమ్మిన ఊకతో కలపకండి. బియ్యం విలువ మిల్లు గేటు దగ్గరి ధర, అందులో జీఎస్టీ, రవాణా కలవకూడదు. హమాలీలు మేస్త్రీ ద్వారా వస్తే వాళ్లని ఈ బ్లాకులో కాంట్రాక్టు వరుసలో చూపాలి. నెల జీతం రిజిస్టర్‌లో లేరని వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. మీకు ఒకే బ్యాలెన్స్ షీటు కింద రెండు మిల్లులు ఉంటే ముందే గణాంకాధికారికి చెప్పండి. విడివిడిగా విడదీయగలిగితే విడదీయండి, కుదరకపోతే కలిపి ఇవ్వడానికి అనుమతి అడగండి. మొత్తం బ్యాలెన్స్ షీటును ఒక మిల్లు పేరుమీద ఎక్కిస్తే మాత్రం వివరణ కోరుతూ మళ్లీ ఉత్తరం వస్తుంది.

*ప్రశ్న: మా గ్రామపంచాయతీ సర్వే చేసి సామాజిక వర్గాలవారీగా అప్పులు, మరుగుదొడ్లు, భూమి పట్టికలు తయారుచేసింది. పంచాయతీ గోడమీద పెట్టమంటున్నారు. పేర్లు లేవు కదా, పెట్టవచ్చా? (పంచాయతీ కార్యదర్శి, నల్గొండ జిల్లా)*

పేర్లు తీసేస్తే చాలదు. ఊరు చిన్నది, అందరూ అందరికీ తెలుసు. ఒక ఉదాహరణ చూద్దాం. ఊళ్లో 310 కుటుంబాలు: బీసీ 168, ఎస్సీ 74, ఓసీ 61, ఎస్టీ 7. ప్రైవేటు వడ్డీ వ్యాపారుల దగ్గర అప్పున్న కుటుంబాలు: బీసీ 52, ఎస్సీ 31, ఓసీ 9, ఎస్టీ 1, మొత్తం 93. పక్కనే సగటు అప్పు అనే వరుస కూడా ఉంది. ఆ ఒక్క ఎస్టీ కుటుంబం ఎవరిదో ఊరంతటికీ తెలుసు. సగటు అప్పు అని అచ్చువేసింది నిజానికి ఆ ఇంటి అప్పే.

సరే, ఆ 1 స్థానంలో నక్షత్రం గుర్తు పెట్టారనుకోండి. మొత్తం 93 అలాగే ఉంది కాబట్టి 52, 31, 9 తీసేస్తే 1 మళ్లీ బయటపడుతుంది. ఒక్క గడి దాస్తే ఎప్పుడూ ఇంతే. ఇంకో గడి కూడా దాయాలి. ఓసీ 9ని కూడా దాస్తే మిగిలేది 'రెండు వర్గాలు కలిపి 10' మాత్రమే. ఎస్టీలో ఎంతో ఎవరూ తేల్చలేరు. ఎస్టీ సగటు అప్పు వరుసనూ తప్పనిసరిగా తీసేయాలి. ఆ తర్వాత ఇదే సర్వేలోంచి వార్డులవారీగా ఇంకో పట్టిక వేస్తే అక్కడ కూడా అదే గడి తేలకుండా చూసుకోవాలి. రెండు పట్టికలు పక్కపక్కన పెట్టి తీసివేత చేసి చూడకుండా ఏదీ విడుదల చేయకండి.

చిన్న అంకె ఒక్కటే ప్రమాదం కాదు. 'ఎస్టీ 7 కుటుంబాల్లో మరుగుదొడ్డి లేనివి 7' అని వేస్తే గడిలో 7 ఉంది, ఒకటీ రెండూ కాదు. అయినా ఏడిళ్లలో ప్రతి ఇంటి సంగతీ చెప్పేసినట్టే. నూటికి నూరు, నూటికి సున్నా వచ్చిన చోట్ల ఆగి చూడాలి. మిల్లులు, దుకాణాల పట్టికల్లో వేరే చిక్కు ఉంది. మండలంలో రెండే మిల్లులుంటే మొత్తం అచ్చువేయగానే ఒకాయన తన లెక్క తీసేసి రెండో ఆయన లెక్క తెలుసుకుంటాడు. అందుకే సాధారణంగా మూడుకన్నా తక్కువ యూనిట్లున్న గడిని విడిగా వేయరు. మూడున్నా ఒకటే 90 శాతం ఉంటే దాని లెక్క దాదాపు బయటపడ్డట్టే.

మీ పంచాయతీకి తేలిగ్గా కుదిరే దారి గడులు దాయడం కాదు, వర్గాలు కలపడం. ఎస్సీ, ఎస్టీ కలిపి ఒక వరుస వేయండి, లేదా ఎస్టీ వివరాన్ని మండల స్థాయిలో మాత్రమే ఇవ్వండి. ఐదుకి దగ్గర చేసి రాయడం ఇంకో పద్ధతి: 52ని 50, 31ని 30, 9ని 10, 1ని 0, మొత్తం 93ని 95. అప్పుడు వరుసలు కూడితే 90 వస్తుంది, మొత్తం 95 ఉంటుంది. ఆ తేడా గుండ్రం చేయడంవల్ల వచ్చిందని అడుగున ఒక వాక్యం రాయండి. సరిచేయడానికి మొత్తాన్ని మార్చకండి.

బయటికి ఇచ్చే ఫైలు సంగతి కూడా చూడండి. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ చేసి మిగతా షీట్లు చెరిపేసి వాట్సాప్‌లో పంపినా, ఆ టేబుల్ లోపల మూల వివరాలు దాగి ఉండిపోతాయి. ఒక గడి మీద రెండుసార్లు నొక్కితే కుటుంబాలవారీ వరుసలు తెరుచుకుంటాయి. పీడీఎఫ్‌లో పేర్లమీద నల్లరంగు పూస్తే కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి అతికిస్తే వచ్చేస్తాయి. అంకెలను కొత్త షీటులో విలువలుగా మాత్రమే అతికించి, దాన్ని పీడీఎఫ్ చేసి ఇవ్వండి. సర్వే 2008 చట్టం కింద నోటిఫై అయిందో లేదో జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయంలో అడగండి. కాకపోయినా ఈ జాగ్రత్తలు తీసుకోవాల్సిందే.

*ప్రశ్న: పాప పుట్టుక నమోదుకి వెళ్తే తల్లి చదువు, మతం, పెళ్లినాటి వయసు, బిడ్డ బరువు అన్నీ అడిగారు. ఇవన్నీ సర్టిఫికెట్ మీద వస్తాయా? (కొత్తగా తల్లయిన పాఠకురాలు, విజయనగరం)*

రావు. జనన నివేదిక ఫారం రెండు భాగాలుగా ఉంటుంది. ఒకటి చట్టపరమైన భాగం: పుట్టిన తేదీ, ఆడా మగా, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు, సమాచారం ఇచ్చినవారి పేరు. రిజిస్టర్‌కీ సర్టిఫికెట్‌కీ వెళ్లేది ఇదే. రెండోది గణాంక భాగం: మీరు చెప్పిన చదువు, వయసు, కాన్పు ఎవరు చేశారు, బరువు లాంటివి. ఇవి లెక్కలకే వెళ్తాయి. తల్లి చదువుకీ బిడ్డ బరువుకీ ఉన్న సంబంధం ఇలాంటి ఫారాలవల్లే తెలుస్తుంది. విసుక్కోకుండా సరిగ్గా చెప్పండి. 21 రోజుల్లోపు నమోదు చేయించండి.

చట్టపరమైన భాగం మాత్రం రహస్య గణాంకం కాదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం జాతీయ స్థాయిలో జనన మరణాల డేటాబేస్ ఉంటుంది. ఓటర్ల జాబితాలాంటి వాటిని సవరించుకోవడానికి దాన్ని అనుమతితో ఇతర సంస్థలకు ఇవ్వవచ్చు. మరణాల విషయంలో ఒక పాత రక్షణ ఉంది: ఎవరికి నకలు ఇచ్చినా అందులో మరణకారణం రాయకూడదు.

*ప్రశ్న: నేను పీహెచ్‌డీ విద్యార్థిని. జాతీయ నమూనా సర్వే యూనిట్ స్థాయి డేటా వాడుతున్నాను. సొంతంగా ఊళ్లలో కూడా సర్వే చేస్తున్నాను. కొత్త డేటా రక్షణ చట్టం నాకు వర్తిస్తుందా? (హైదరాబాద్)*

నమూనా సర్వే డేటాలో పేరు, చిరునామా ఉండవు. కుటుంబాలకు సంకేత సంఖ్యలే ఉంటాయి. దాంతో సమస్య లేదు. ఫలానా కుటుంబం ఎవరిదో పట్టుకునే ప్రయత్నం మాత్రం చేయకండి.

సొంత సర్వేకి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023లోని 17వ సెక్షన్ చూడాలి. పరిశోధన, ఆర్కైవు, గణాంకాల కోసమైతే చట్టం వర్తించదు. అయితే రెండు షరతులున్నాయి. ఆ డేటాతో ఏ ఒక్క వ్యక్తి గురించీ నిర్ణయం తీసుకోకూడదు. నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి. ఆ ప్రమాణాలు 2025 నవంబరులో వచ్చిన నియమాల రెండో షెడ్యూల్‌లో ఉన్నాయి: అవసరమైనంతే సేకరించడం, అవసరమైనంత కాలమే ఉంచడం, భద్రంగా ఉంచడం, జవాబుదారీగా ఉండడం వగైరా. సర్వేలో కనబడిన పింఛను రాని వృద్ధుల పేర్లు రాసి తహసీల్దారుకి ఇస్తే అది మంచి పనే గానీ, ఆ క్షణం నుంచి మీది గణాంక పరిశోధన కాదు. అలా ఇవ్వాలనుకుంటే వాళ్ల దగ్గర విడిగా సమ్మతి తీసుకోండి.

పేరు, ఫోను, ఇంటినంబరు ఒక ఫైల్లో, జవాబులు ఇంకో ఫైల్లో ఉంచి మధ్యలో సంకేత సంఖ్య వాడండి. ఫోను యాప్‌తో సర్వే చేస్తే దానంతటదే ఎక్కే జీపీఎస్ అక్షాంశ రేఖాంశాలను విడుదలకి ముందు తీసేయండి. పేర్లు తీసినా ఇల్లు చూపించేసేది అదే. వృత్తి వరుసలో 'సర్పంచ్', 'ఆశా కార్యకర్త' అని ఉంటే ఊళ్లో అలాంటివాళ్లు ఒకరిద్దరే ఉంటారని మరిచిపోవద్దు.

*ప్రశ్న: ప్రభుత్వానికి నచ్చని లెక్కలు ఆపేస్తే అడ్డుకునే చట్టం ఉందా? (బ్యాంకు ఉద్యోగి, బెంగళూరు)*

లేదు. మన వ్యవస్థలో అతి పెద్ద లోటు ఇదే. పౌరుడు వివరం ఇవ్వకపోతే జరిమానా ఉంది. ఇచ్చిన వివరాలతో తయారైన లెక్కను ఫలానా తేదీకి విడుదల చేసి తీరాలన్న నిబంధన ఏ చట్టంలోనూ లేదు. గణాంకాల వ్యవస్థను పరిశీలించిన రంగరాజన్ కమిషన్ 2001లో చట్టబద్ధమైన జాతీయ గణాంక కమిషన్ కావాలని చెప్పింది. 2005లో కమిషన్ అయితే వచ్చింది, ప్రభుత్వ తీర్మానంతో వచ్చింది, చట్టంతో కాదు. 2019 జనవరిలో ఉపాధి సర్వే నివేదికను కమిషన్ ఆమోదించాక కూడా విడుదల చేయలేదని ఇద్దరు సభ్యులు రాజీనామా చేశారు. ఎన్నికలయ్యాక మే 31న ఆ నివేదిక బయటికి వచ్చింది, నిరుద్యోగం 6.1 శాతమని చెప్పింది. అదే ఏడాది నవంబరులో 2017-18 వినియోగ వ్యయ సర్వే ఫలితాలను నాణ్యత కారణంతో విడుదల చేయబోమని ప్రభుత్వం ప్రకటించింది. డిసెంబరులో కమిషన్‌కి చట్టబద్ధత ఇచ్చే ముసాయిదా బిల్లు ప్రజల ముందు పెట్టారు.

ఐక్యరాజ్యసమితి అధికారిక గణాంకాల మౌలిక సూత్రాలను మన కేంద్ర మంత్రివర్గం 2016లో ఆమోదించింది. ఆ సూత్రాల్లో వ్యక్తుల వివరాల గోప్యతా ఉంది, లెక్కలను నిష్పక్షపాతంగా ప్రజలకు అందించాలన్నదీ ఉంది. మొదటిదానికి మన దగ్గర 2008 చట్టంలో 9వ సెక్షన్, జనగణన చట్టంలో 15వ సెక్షన్ ఉన్నాయి. రెండోదానికి కూడా అలాంటి సెక్షన్ రావాలి. విడుదల తేదీల క్యాలెండరు, దాన్ని మార్చాలంటే రాతపూర్వక కారణం, కమిషన్ సభ్యులకు నిర్ణీత పదవీకాలం, ఈ మూడూ చట్టంలో ఉంటే తప్ప ఏ ప్రభుత్వం వచ్చినా ఇదే ప్రశ్న మళ్లీ వస్తుంది.

*ప్రశ్న: గణకుడు మా కుటుంబ వివరాలు బయట చెప్పాడని తెలిస్తే ఎవరికి ఫిర్యాదు చేయాలి? (కర్నూలు)*

నేరుగా కోర్టుకి వెళ్లి కేసు వేయలేరు. జనగణన చట్టం 12వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన అధికారి ముందస్తు అనుమతి లేనిదే ప్రాసిక్యూషన్ మొదలవదు. కాబట్టి రాతపూర్వకంగా మొదలుపెట్టండి. గ్రామాల్లో తహసీల్దారు, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్ ఛార్జి అధికారులుగా ఉంటారు. జిల్లాకి కలెక్టరు ప్రధాన జనగణనాధికారి. ఛార్జి అధికారికి ఇచ్చి, నకలు కలెక్టరుకీ, రాష్ట్ర జనగణన డైరెక్టరుకీ పంపండి. గణకుడి గుర్తింపు కార్డు మీది వివరాలు, వచ్చిన తేదీ, ఏ ప్రశ్నకు చెప్పిన జవాబు, ఎవరికి, ఎప్పుడు చెప్పాడు, విన్నవాళ్లెవరు అన్నవి రాయండి. బయటపడిన విషయాన్ని మాత్రం ఉత్తరంలో మళ్లీ రాయకండి. "ఫలానా ప్రశ్నకు ఇచ్చిన జవాబు" అంటే చాలు, ఆ ఉత్తరం ఎన్నో బల్లల మీదుగా వెళ్తుంది. అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.